రెండు సర్వర్లూ మాస్టర్ అయిపోయాయా? ఫెయిలోవర్ టూల్ కన్నా ముందు లాగ్ సంగతి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ, ఆఫీసు గదిలో ఒక సర్వర్, గోడౌన్ పక్క గదిలో ఇంకొకటి, ఒక్కో దగ్గర ఒక్కో స్విచ్, మధ్యలో ఫైబర్. రెండింట్లోనూ డెబియన్ 12 లినక్స్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, దాని డేటా డీఆర్‌బీడీ మీద, అంటే ఒక సర్వర్ డిస్కులో రాసింది ఎప్పటికప్పుడు రెండోదానికి కాపీ అవుతుంది. పని చేస్తున్న సర్వర్ (మాస్టర్) దగ్గరుండే ఉమ్మడి అడ్రసుని, అంటే వర్చువల్ ఐపీని, కీపలైవ్‌డీ చూసుకుంటోంది. మొన్న కరెంటు పోయి వచ్చాక ఫైబర్ చివర ఉన్న మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే డబ్బా) మళ్లీ లేవలేదు. దాంతో రెండు సర్వర్లూ నేనే మాస్టర్ అంటే నేనే మాస్టర్ అనుకున్నాయి. ఇరవై నిమిషాల పాటు ఆఫీసు కౌంటర్ల లెక్క ఒకదాంట్లో, గోడౌన్ వైపు దించిన టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క ఇంకోదాంట్లో పడింది, ఒకే బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే కాగితం) నంబరు ఇద్దరు రైతుల చేతికి వెళ్లింది. కంగారులో ఎవరో గోడౌన్ సర్వర్ పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశారు. తీరా ఏం జరిగిందో చూద్దామంటే అందులో లాగ్ (సర్వర్ ఏం జరిగిందో రాసుకునే చిట్టా) నాలుగు నిమిషాల ముందే ఆగిపోయి ఉంది. ఇప్పుడు మీరడిగేది, ఫెయిలోవర్‌కి, అంటే ఒక సర్వర్ పడితే రెండోది పని అందుకోవడానికి, కీపలైవ్‌డీ తీసేసి పేస్‌మేకర్ పెట్టాలా, లాగ్‌కి ఏ టూల్ తీసుకోవాలి అని.

పేస్‌మేకర్ పెట్టాలి, అది చెబుతాను. కానీ టూల్ పేరు మార్చినంత మాత్రాన ఈ జబ్బు పోదు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో కూర్చుని పదహారేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, విజయవాడ, గుంటూరుల్లో నేను చూసిన క్లస్టర్లలో (ఒకే పనికి కలిపి పెట్టిన సర్వర్ల జట్లలో) సగానికి పైగా రెండు విషయాల దగ్గరే దెబ్బతిన్నాయి. అవతలి సర్వర్ నిజంగా చచ్చిందని బతికున్నదానికి ఎలా తెలుస్తుంది? చచ్చిపోయే సర్వర్ చివరి నిమిషంలో రాసిన నాలుగు లైన్లు ఎక్కడికి వెళ్తాయి? ఈ రెండింటికీ మీ దగ్గర జవాబు లేకపోతే ఏ టూల్ పెట్టినా ఒకటే.

ముందుగా డేటా సంగతి, ఎందుకంటే ఇది ఇవాళే చేయాలి. ఫైబర్ మళ్లీ కలిశాక డీఆర్‌బీడీ స్ప్లిట్ బ్రెయిన్ (రెండు పక్కలా వేర్వేరు రాతలు పడటం) కనిపెట్టి కనెక్షన్ తెంచేసి ఉంటుంది, స్టేటస్‌లో స్టాండలోన్ అని చూపిస్తుంది. నెట్‌లో వెతికితే అందరూ చెప్పేది ఒక పక్క డిస్కార్డ్ మై డేటా అని ఇచ్చి కనెక్ట్ చేయమని. అది ఇప్పుడే ఇవ్వకండి. ఇచ్చారంటే ఆ పక్కన ఇరవై నిమిషాల్లో రాసిందంతా పోయినట్టే. రెండు వైపులా పోస్ట్‌గ్రెస్ డంప్ (డేటాబేస్ మొత్తం కాపీ) తీసి, వేరే డిస్కులో పెట్టి, మూడో మెషీన్‌లో రెండు డేటాబేసులుగా ఎక్కించి, ఘటన మొదలైన టైమ్ తర్వాత ఉన్న వరసలన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే నంబరు పడిన బాండ్లలో ఒక వైపువాటికి కొత్త నంబర్లు ఇచ్చి, ఆ రైతులకు ఫోన్ చేసి కాగితం మార్చి ఇవ్వండి. వాళ్లలో ఎవరైనా ఆ బాండు మీద ఇప్పటికే బ్యాంకులో అప్పు తీసుకుని ఉంటే బ్యాంకుకి కూడా చెప్పాలి, దీన్ని వచ్చే వారానికి తోయకండి. అదంతా అయ్యాకే ఏ పక్క డేటా వదిలేయాలో నిర్ణయించండి.

ఇక కీపలైవ్‌డీ అలా ఎందుకు చేసిందంటే, దాని పనే అది. అది వాడే వీఆర్‌ఆర్‌పీ అనే పద్ధతిలో మాస్టర్ సెకనుకోసారి నేనున్నాను అని 224.0.0.18 అనే మల్టీకాస్ట్ అడ్రసుకి చెబుతుంది. మూడుసార్లు వినపడకపోతే, పైన ప్రయారిటీని బట్టి ఇంకాస్త ఆగి, బ్యాకప్ లేచి మాస్టర్ అవుతుంది. ప్రయారిటీ 100 అయితే మొత్తం సుమారు 3.6 సెకన్లు. వినపడకపోవడానికి కారణం అవతలిది చావడమా, మధ్యలో తీగ తెగడమా అన్నది దానికి తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ చేయదు. వెనకాల డేటా లేని పనికి, అంటే ఎన్‌జిన్‌ఎక్స్, హెచ్‌ఏప్రాక్సీ లాంటివాటి ముందు ఐపీ నిలబెట్టడానికి, ఇది హాయిగా సరిపోతుంది. కాసేపు రెండు చోట్లా ఐపీ ఉన్నా కొన్ని కనెక్షన్లు తెగుతాయి, అంతే. నేను ఇప్పటికీ ఆ పనికి కీపలైవ్‌డీనే వాడతాను. మీ దగ్గర తప్పు నోటిఫై స్క్రిప్టులో ఉంది. మాస్టర్ అవగానే డీఆర్‌బీడీని ప్రైమరీ (రాసే పక్క) చేసి పోస్ట్‌గ్రెస్ లేపమని అందులో రాశారు. లింకు ఉన్నంతసేపూ రెండోది ప్రైమరీ కాకుండా డీఆర్‌బీడీయే అడ్డుకుంటుంది. లింకు పోతే ఆ అడ్డు కూడా పోతుంది. ఆ స్క్రిప్టు ఈ రాత్రికే తీసేయండి. పేస్‌మేకర్ సిద్ధమయ్యేదాకా ఒక మనిషి చూసి చేత్తో మార్చినా పర్వాలేదు, పావుగంట ఆగడం రెండు లెక్కలు పుట్టడం కన్నా నయం.

ఒక చిట్టా, ఇద్దరు గుమాస్తాలు అనుకోండి. మొదటి గుమాస్తా కనిపించట్లేదని రెండోవాడు కొత్త చిట్టా తెరిచి రాయడం మొదలెడితే, మొదటివాడు పక్క గదిలో పాత చిట్టా రాస్తూనే ఉంటే, సాయంత్రానికి ఆ కొట్టు లెక్క ఎవరికీ తేలదు. అందుకే రెండోవాడు కలం పట్టే ముందు మొదటివాడి చేతిలోంచి కలం తీసేసుకున్నామని ఖాయం చేసుకోవాలి. క్లస్టర్‌లో దీన్నే ఫెన్సింగ్ అంటారు, పేస్‌మేకర్ వాళ్లు స్టోనిత్ అంటారు. అవతలి సర్వర్ కరెంటు మనమే తీసేసి, తీసేశామని జవాబు వచ్చాకే దాని పని అందుకోవడం. పేస్‌మేకర్‌లో ఇది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. ఫెన్సింగ్ పరికరం ఏదీ చెప్పకపోతే రిసోర్సులు (అది నడిపే డేటాబేస్, ఐపీ లాంటివి) లేపనంటుంది, అప్పుడు చాలామంది చేసే పని స్టోనిత్ ఎనేబుల్డ్ అన్నదాన్ని ఫాల్స్ చేసి ముందుకెళ్లడం. ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఆ ఒక్క లైను మార్చి వెళ్లిపోతారు, క్లస్టర్ ఆకుపచ్చగా కనిపిస్తుంది, రెండేళ్ల తర్వాత ఏదో ఒక రాత్రి దాని ఫలితం బయటపడుతుంది.

నేను ఆ రాత్రి చూశాను. విజయవాడలో ఒక ఆసుపత్రి, మే నెల, ల్యాబ్ రిపోర్టుల సర్వర్లు రెండు, మధ్యలో ఒకే స్టోరేజ్ బాక్సు, స్టోనిత్ ఆఫ్. మొదటి సర్వర్ చావలేదు, డిస్కు దగ్గర ఇరుక్కుని ఒక నిమిషం పాటు పలకలేదు. రెండోది అది పోయిందనుకుని అదే ఫైల్ సిస్టమ్‌ని మౌంట్ చేసింది. ఈలోపు మొదటిది ఊపిరి తీసుకుని, ఆగిపోయిన చోటు నుంచి రాసుకుంటూ పోయింది. ఎక్స్‌ట్ 4 అనే ఆ ఫైల్ సిస్టమ్ ఇద్దరు ఒకేసారి రాయడానికి కట్టింది కాదు, అరగంటలో అంతా చెల్లాచెదురైంది. ముందు రోజు రాత్రి బ్యాకప్ ఎక్కించాం, ఆ రోజు పగలంతా చేసిన పరీక్షల విలువలు మాత్రం మెషీన్ల నుంచి వచ్చిన థర్మల్ కాగితం చుట్టల్లోనే ఉన్నాయి. పెద్ద వయసు టెక్నీషియన్ ఒకాయన ట్యూబ్‌లైట్ కింద ఆ చుట్ట విప్పుకుంటూ హిమోగ్లోబిన్ ఇంత, క్రియాటినిన్ ఇంత అని చదువుతుంటే తెల్లారేదాకా నేను టైపు చేశాను. కొన్ని చోట్ల అక్షరం వెలిసిపోయి ఉంటే ఆయన కాగితాన్ని దీపానికి అడ్డంపెట్టి చూసి, నమ్మకం కుదరకపోతే ఆ పేషెంటుకి మళ్లీ రక్తం తీయాలి అని పక్కన రాసుకున్నారు. పదకొండు మందికి మళ్లీ తీశారు. అప్పటి నుంచి ఫెన్సింగ్ లేని క్లస్టర్ మీద నేను సంతకం పెట్టను, ఎంత తొందర ఉందన్నా సరే.

ఇప్పుడు మీ కోల్డ్ స్టోరేజీకి ఏ ఫెన్సింగ్? అందరూ ముందు చెప్పేది ఐపీఎంఐ, అంటే సర్వర్ మదర్‌బోర్డు మీదుండే బీఎంసీ అనే చిన్న కంట్రోలర్‌కి నెట్‌వర్క్ ద్వారా చెప్పి పవర్ తీయించడం. మంచిదే, కానీ మీ చోట రెండు చిక్కులు. సర్వర్‌కి కరెంటు మొత్తంగా పోతే బీఎంసీ కూడా పోతుంది, అప్పుడు బతికున్నది ఫెన్సింగ్ అడిగి జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. రెండోది, మొన్నటిలా గదుల మధ్య ఫైబర్ పోతే అవతలి బీఎంసీ కూడా ఇవతలికి అందదు. డేటా చెడదు గానీ పని ఆగిపోతుంది. కాబట్టి ఎస్‌బీడీ అనే ఫెన్సింగ్ ప్రోగ్రామ్, దానికి తోడు వాచ్‌డాగ్ పెట్టండి. వాచ్‌డాగ్ అంటే సర్వర్‌లోనే ఉండే ఒక టైమర్, ఎవరూ దాన్ని తట్టకపోతే గడువు అయిపోయాక మెషీన్‌ని రీసెట్ చేస్తుంది. కోరం (మెజారిటీ ఓట్లు) కోల్పోయిన సర్వర్‌లో ఎస్‌బీడీ తట్టడం మానేస్తుంది, సర్వర్ తనంతట తానే రీసెట్ అవుతుంది. ఇవతలిది ఆ గడువు దాటేదాకా లెక్కపెట్టుకుని అప్పుడు పని అందుకుంటుంది. మధ్యలో తీగ ఉన్నా లేకపోయినా ఇది పనిచేస్తుంది. హార్డ్‌వేర్ వాచ్‌డాగ్ వాడండి, సాఫ్ట్‌డాగ్ అనే కర్నెల్ (లినక్స్ గుండెకాయ) మాడ్యూల్ మీద ఆధారపడొద్దు, కర్నెలే బిగుసుకుపోతే అది కూడా బిగుసుకుపోతుంది.

కోరం అన్నాను కదా, సభలో కోరం లాంటిదే, సగం కన్నా ఎక్కువ ఓట్లుండాలి. ఇద్దరే ఉంటే విడిపోయినప్పుడు ఒక్కొక్కరికి ఒక్క ఓటు, ఎవరికీ మెజారిటీ లేదు. పేస్‌మేకర్ కింద సర్వర్ల మధ్య మాటలు మోసే కోరోసింక్‌లో టూ నోడ్ అనే సెట్టింగ్ ఉంది, ఒక్కరున్నా కోరం ఉన్నట్టే అంటుంది, అది మంచి ఫెన్సింగ్ ఉన్నప్పుడే పనికొస్తుంది, మనం పెట్టే, ఉమ్మడి డిస్కు లేని ఎస్‌బీడీతో అది కుదరదు. మీకు మూడో ఓటు కావాలి. దానికి మూడో పెద్ద సర్వర్ అక్కర్లేదు, క్యూనెట్‌డీ అనే చిన్న ప్రోగ్రామ్ నడిచే చిన్న మెషీన్ ఏదైనా చాలు. విజయవాడలో మీకు ఆఫీసు ఉందన్నారు, అక్కడ పెట్టండి. ఇంటర్నెట్ మీదుగా టీసీపీ 5403 పోర్టులో మాట్లాడుతుంది, కోరోసింక్ అడిగినంత వేగం దీనికి అక్కర్లేదు. అల్గారిథమ్ అన్నచోట ఎఫ్‌ఎఫ్‌స్ప్లిట్ ఇవ్వండి, సరిగ్గా సగం సగం విడిపోయినప్పుడు ఒక్క వైపుకే ఓటు వేస్తుంది. మొన్న జరిగిందే మళ్లీ జరిగిందనుకోండి. ఇంటర్నెట్ ఆఫీసు గదికే ఉంది కాబట్టి ఆఫీసు సర్వర్‌కి రెండు ఓట్లు పడతాయి, గోడౌన్ సర్వర్ ఒంటరిగా మిగిలి రీసెట్ అయిపోతుంది. గోడౌన్ కౌంటర్లు ఆగుతాయి, ఆగాలి కూడా. ఇంటర్నెట్ ఒక్కటే పోతే రెండు సర్వర్లూ ఒకదానికొకటి కనిపిస్తున్నాయి కాబట్టి మూడింట రెండు ఓట్లు ఉండనే ఉన్నాయి, పని జరుగుతుంది.

దీనితో పాటు గదుల మధ్య రెండో దారి ఒకటి వేయండి. ఫైబర్‌లో ఖాళీ కోర్ ఉంటే అదైనా, లేకపోతే గోడౌన్ పైకప్పు మీద వైర్‌లెస్ బ్రిడ్జ్ అయినా. కోరోసింక్ 3 ఎనిమిది లింకుల దాకా తీసుకుంటుంది. రెండు మీడియా కన్వర్టర్లనీ యూపీఎస్ మీద పెట్టండి. ఇంత గొడవా ఆ చిన్న డబ్బాకి గోడ సాకెట్ నుంచి నేరుగా కరెంటు ఇవ్వడం వల్లే మొదలైంది.

ఇక లాగ్. మీ గోడౌన్ సర్వర్‌లో చివరి నాలుగు నిమిషాలు ఎందుకు లేవో చెబుతాను, ఎందుకంటే ఇది చాలామందికి తెలియక డిస్కు పాడైందని అనుకుంటారు. డెబియన్ 12లో లాగ్‌ని ఫైళ్లలో రాసే, బయటికి పంపే ఆర్‌సిస్లాగ్ తనంతట తాను ఇన్‌స్టాల్ అవదు, లాగ్ రాసుకునేది జర్నల్‌డీ ఒక్కటే. జర్నల్‌డీ రాసిన ప్రతి లైనునీ వెంటనే డిస్కులోకి ఖాయం చేయదు, మామూలుగా ఐదు నిమిషాలకోసారి సింక్ చేస్తుంది. క్రిటికల్, అలర్ట్, ఎమర్జెన్సీ స్థాయి మెసేజ్‌లు వస్తే మాత్రం అప్పటికప్పుడు చేస్తుంది. మీ క్లస్టర్ మెసేజ్‌ల్లో ఎక్కువ భాగం నోటీస్, వార్నింగ్, ఎర్రర్ స్థాయిలోవి. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపినప్పుడు ఆ ఐదు నిమిషాల్లో మెమరీలో ఉన్నదంతా పోతుంది. మీకు పోయింది నాలుగు నిమిషాలు, లెక్క సరిపోయింది కదా. ఫెన్సింగ్ చేసేది కూడా సరిగ్గా ఇదే పని, ముందు చెప్పకుండా పవర్ తీయడం. అంటే ఫెన్సింగ్ ఎంత బాగా పనిచేస్తే, చచ్చిన సర్వర్‌లో లాగ్ అంత తక్కువ మిగులుతుంది. అందుకే నేను ఎక్కడికెళ్లినా ముందు లాగ్‌ని మెషీన్ బయటికి పంపే ఏర్పాటు చేసి, అది వారం రోజులు నడిచాకే ఫెయిలోవర్ ముట్టుకుంటాను.

చేయాల్సింది ఇది. జర్నల్‌డీలో సింక్ ఇంటర్వల్ పది, పదిహేను సెకన్లకి తగ్గించండి, ఇప్పటి ఎస్‌ఎస్‌డీలకి అది బరువేమీ కాదు. తర్వాత ఆర్‌సిస్లాగ్, దాని రెల్ప్ ప్యాకేజీ రెండూ విడివిడిగా ఇన్‌స్టాల్ చేసి, రెండు సర్వర్ల లాగ్‌నీ విజయవాడలో ఆ మూడో మెషీన్‌కి పంపండి, ఇంటర్నెట్ మీద వెళ్తుంది కాబట్టి దారిలో ఎవరూ చదవకుండా టీఎల్‌ఎస్ లేదా వీపీఎన్ తప్పనిసరి. యూడీపీ 514 మీద పంపొద్దు, అందులో అందిందో లేదో చూసుకోవడం ఉండదు. నెట్‌వర్క్ తడబడిన క్షణంలో పంపినవన్నీ గాల్లో కలిసిపోతాయి, మనకి కావాల్సింది సరిగ్గా ఆ క్షణంలోవే. మామూలు టీసీపీ కూడా కనెక్షన్ తెగినప్పుడు కొన్ని లైన్లు మింగుతుంది, రెల్ప్‌లో అవతలివైపు అందింది అని చెప్పేదాకా ఇవతల పెట్టుకుంటుంది. డిస్కు మీద క్యూ ఏర్పాటు చేయండి, లింకు పోయినంతసేపూ లైన్లు అందులో ఆగి లింకు వచ్చాక వెళ్తాయి. ఒక్క జాగ్రత్త. క్యూ నిండిపోతే ఆర్‌సిస్లాగ్ లైన్లు తీసుకోవడం ఆపేస్తుంది, అప్పుడు దానికి నేరుగా లాగ్ రాయబోయిన ప్రోగ్రాములు కూడా నిలబడిపోవచ్చు, ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి సర్వర్‌లోకి) లాగిన్ కూడా అవకపోవచ్చు. లాగ్ సర్వర్ పడిపోయిందని అసలు సర్వర్లు ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. ఎన్‌క్యూ టైమవుట్ సున్నా పెట్టి, నిండితే వదిలేయమని చెప్పండి.

ఇంత చేసినా ఒక సందు మిగులుతుంది. లింకు పోయి, క్యూలో ఉన్నది డిస్కుకి చేరకముందే పవర్ పోతే ఆ లైన్లు దొరకవు. అప్పుడు వేరే సాక్షుల్ని అడగాలి. బీఎంసీలో దానిదే ఒక ఈవెంట్ లాగ్ ఉంటుంది, పవర్ సప్లై ఎప్పుడు పోయింది, వాచ్‌డాగ్ రీసెట్ చేసిందా, అన్నీ అందులో పడతాయి, సర్వర్ డిస్కుతో దానికి సంబంధం లేదు. యూపీఎస్‌లో లాగ్ ఉంటుంది. మేనేజ్డ్ స్విచ్ అయితే దానిలో పోర్టు పడిన టైమ్ ఉంటుంది, ఆ స్విచ్ లాగ్ కూడా విజయవాడకి పంపండి. అన్నిటికన్నా ముఖ్యం బతికున్న సర్వర్. మీరు పోయినదాని లాగ్ గురించే రాశారు, ఆఫీసు సర్వర్ లాగ్ చూశారో లేదో రాయలేదు. ఏ టైమ్‌కి అవతలి మాట వినపడకుండా పోయిందో అందులో పొల్లుపోకుండా ఉంటుంది.

గడియారం సంగతి. ఆసుపత్రి రాత్రి గురించి చెప్పాను కదా, అప్పుడు ఒక సర్వర్ లాగ్ మన టైమ్‌లో, ఇంకోటి యూటీసీలో ఉంది, అది చాలదన్నట్టు ఒక గడియారం మూడు నిమిషాలు వెనక. ఐదున్నర గంటల తేడా, మూడు నిమిషాల తేడా సర్దుకుంటూ లైను లైనుకీ సరిచూసుకోవడానికి రెండు రోజులు పట్టింది. రెండింట్లో గడియారం సరిచేసే క్రోనీ పెట్టండి, లాగ్‌లో టైమ్‌జోన్, సెకనులో భాగాలతో సహా పడేలా చూడండి. పాత సిస్లాగ్ పద్ధతిలో టైమ్‌కి సంవత్సరం కూడా ఉండదు, డిసెంబరు 31 రాత్రి జరిగిన ఘటనని జనవరిలో చదివితే తెలుస్తుంది ఆ బాధ. ఏ గడియారాన్ని నమ్మాలి అన్నదానికి మన దేశంలో ఒక జవాబు ఉంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్‌ల గడియారాలు ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా నేషనల్ ఫిజికల్ లాబొరేటరీ ఎన్‌టీపీ (టైమ్ చెప్పే) సర్వర్లతో, లేదా వాటికి అనుసంధానమైన సర్వర్లతో కలవాలి. లాగ్‌లు 180 రోజులు దేశంలోనే దాచాలి. సైబర్ దాడి లాంటిది ఏదైనా కనిపిస్తే ఆరు గంటల్లో చెప్పాలి. కంపెనీలకీ ఇది వర్తిస్తుంది, కాబట్టి 180 రోజులకి సరిపడా డిస్కు ముందే లెక్కేసుకోండి, కుదించి పెడితే పెద్ద చోటేమీ పట్టదు.

ఏ టూల్‌లో చూడాలి అంటే, రెండు సర్వర్ల కోసం ఎలాస్టిక్‌సెర్చ్ లాంటి పెద్ద వెతుకులాట టూల్ వద్దు. అదే ఒక క్లస్టర్, దానికీ మూడు నోడ్‌లు (సర్వర్లు) కావాలి, దానికీ కోరం, దాన్ని చూసుకోవడానికే ఒక మనిషి కావాలి. విజయవాడ మెషీన్‌లో రోజుకో ఫైలు, సర్వర్ పేరుతో ఫోల్డరు, మాట వెతకడానికి గ్రెప్ కమాండు. దీంతోనే నేను చాలా ఏళ్లు గడిపాను. తెర మీద చూసుకోవాలనుంటే గ్రఫానా, లోకి (Loki) అనే రెండు టూల్స్ పెట్టుకోండి, చిన్న మెషీన్‌లో కూడా నడుస్తాయి. మీరు చూసే లాగ్ సిస్టమ్ ఆ క్లస్టర్ మీదే నడవకూడదు, అది ఒక్కటి మరిచిపోవద్దు.

చదవడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పోగేసినవాళ్లు ఉంటారు గానీ చదివేవాళ్లు తక్కువ. ఆటోనగర్‌లో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో వారానికి రెండుమూడుసార్లు రాత్రి రెండు దాటాక ఫెయిలోవర్ అయ్యేది. నెట్‌వర్క్ వాళ్లని తిట్టుకుంటూ స్విచ్ రెండుసార్లు మార్చారు. నేను వెళ్లి రెండు సర్వర్ల లాగ్‌నీ టైమ్ వరసలో కలిపి, ఘటనకి ముందు ఒక్క నిమిషం మాత్రమే చూశాను. ప్రతిసారీ కోరోసింక్ ఒకే మాట చెబుతోంది, నా మెయిన్ ప్రాసెస్‌కి ఇన్ని వేల మిల్లీసెకన్లు షెడ్యూల్ దొరకలేదు, టోకెన్ టైమవుట్ (అవతలి మాట కోసం ఆగే గడువు) పెంచే సంగతి ఆలోచించండి అని. అవి వర్చువల్ మెషీన్లు, ఆ టైమ్‌కి స్నాప్‌షాట్ బ్యాకప్ నడుస్తోంది, స్నాప్‌షాట్ తీసేటప్పుడు మెషీన్ మొత్తం కొన్ని సెకన్లు ఆగిపోతోంది. కారణం మొదటి రోజు నుంచీ అక్షరాలా రాసి ఉంది. బ్యాకప్ పద్ధతి మార్చాం, టోకెన్ పెంచాం, మళ్లీ రాలేదు. మీకొచ్చే కోరోసింక్ 3.1లో టోకెన్ మామూలుగా 3 సెకన్లు, అంతకుముందు 1 సెకనే ఉండేది. గదుల మధ్య వైర్‌లెస్ కూడా వస్తుంది కాబట్టి 5 సెకన్లు పెట్టుకోండి.

పేస్‌మేకర్ లాగ్ చదివేటప్పుడు ఒక వరస గుర్తుపెట్టుకోండి. ముందు కోరోసింక్ ఒక ప్రాసెసర్ పోయింది అంటుంది, తర్వాత కొత్త సభ్యత్వం ఏర్పడింది అంటుంది, ఆ తర్వాత షెడ్యూలర్ (ఏం చేయాలో తేల్చే భాగం) నిర్ణయం, దాని ప్రకారం ఫెన్సింగ్, అది అయ్యాక చివరికి రిసోర్సులు లేవడం. ఈ వరసలో ఎక్కడ ఆలస్యమైందో అక్కడే జబ్బు. నిర్ణయాలన్నీ డీసీ అనే నోడ్ తీసుకుంటుంది కాబట్టి ముందు దాని లాగ్ తెరవండి. ప్రతి నిర్ణయానికీ అప్పటి పరిస్థితి మొత్తం పీఈ ఇన్‌పుట్ అనే ఫైల్లో దాచి ఉంటుంది, దాన్ని సీఆర్‌ఎం సిమ్యులేట్ అనే కమాండుకి ఇస్తే ఆ రోజు ఎందుకలా నిర్ణయించిందో నెల తర్వాత కూడా మళ్లీ చూపిస్తుంది. ఆ ఫైళ్లని కూడా లాగ్‌తో పాటే విజయవాడకి కాపీ చేసుకోండి.

సెట్టింగుల్లో చిన్నచిన్నవి. రిసోర్స్ స్టిక్కీనెస్ (పని ఉన్నచోటే ఉండనిచ్చే సెట్టింగ్) పెట్టండి, లేకపోతే పడిన సర్వర్ లేవగానే పని మళ్లీ అటు పరిగెత్తే అవకాశం ఉంది, ఒక్క ఆగుడు కాస్తా రెండు అవుతుంది. పోస్ట్‌గ్రెస్ ఆపడానికి ఇచ్చే టైమవుట్ ధారాళంగా, రెండు మూడు నిమిషాలు ఇవ్వండి. రిసోర్స్ ఆగలేదంటే పేస్‌మేకర్ ఆ సర్వర్‌ని ఫెన్స్ చేస్తుంది, సీజన్‌లో పెద్ద రిపోర్టు నడుస్తున్నప్పుడు ఆపడానికి ఇరవై సెకన్లు చాలకపోవచ్చు. డీఆర్‌బీడీ వైపు కూడా ఫెన్సింగ్ సెట్టింగ్ ఉంది, రిసోర్స్ అండ్ స్టోనిత్ అని, దాంతో పాటు పేస్‌మేకర్‌కి కబురు చెప్పే స్క్రిప్టు, రెండూ పెట్టాలి. కర్నెల్‌తో వచ్చే డీఆర్‌బీడీ 8.4. వెర్షన్ 9 వేసుకుంటే దానికి సొంతంగా కోరం కూడా ఉంటుంది.

పోస్ట్‌గ్రెస్ ఒక్కటే అయితే దాని కోసమే ఉన్న ఫెయిలోవర్ టూల్ పట్రోనీ ఎందుకు కాదు అని ఎవరైనా అడగొచ్చు. మంచి టూలే, డేటాబేస్ సొంత రెప్లికేషన్ వాడుతుంది, ఎవరు లీడరో ఈటీసీడీ లాంటిదాంట్లో గడువుతో రాసుకుంటుంది, మామూలుగా 30 సెకన్ల గడువు. కానీ ఈటీసీడీకి మూడు మెషీన్లు కావాలి, మీ అప్లికేషన్ ఫైళ్లు, స్కాన్ చేసిన బాండు కాగితాలు కూడా డీఆర్‌బీడీ మీదే ఉన్నాయన్నారు, అవి పట్రోనీ చూడదు. మీకు పేస్‌మేకరే సరి.

చివర్లో అడిగారు, గోడౌన్ సర్వర్‌ని విజయవాడకి మార్చి రెండు ఊళ్ల మధ్య ఆటోమేటిక్ ఫెయిలోవర్ పెడితే ఎలా ఉంటుందని. రెండో ఊళ్లో కాపీ ఉండాలి, అందులో అనుమానమే లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తులో సర్వర్లు పెట్టుకున్నవాళ్లు ఏమయ్యారో దగ్గర్నుంచి చూశాను. కానీ ఆటోమేటిక్ వద్దు. 2018 అక్టోబరులో, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌కి జరిగింది ఇదే. అమెరికా తూర్పు తీరంలో 43 సెకన్ల పాటు నెట్‌వర్క్ తెగింది, ఆటోమేటిక్ టూల్ డేటాబేస్ మాస్టర్లని పశ్చిమ తీరానికి మార్చేసింది, రెండు వైపులా ఒకదానికొకటి చేరని రాతలు మిగిలిపోయాయి, అంతా సర్దుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. అంత పెద్ద టీమ్ ఉన్నవాళ్లకే అది. మన హైవే పక్క ఎప్పుడు ఎవరు తవ్వుతారో, ఫైబర్ ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. గుంటూరులో రెండూ ఉంచి, విజయవాడకి పోస్ట్‌గ్రెస్ రెప్లికా, ఫైళ్ల కాపీ పంపుకోండి, అటు మార్చాలా వద్దా అన్నది మనిషి ఫోన్ చేసి కనుక్కుని నిర్ణయించాలి. ఎవరు నిర్ణయిస్తారో, ఆయన దొరక్కపోతే ఇంకెవరో కాగితం మీద రాసి గోడకి అంటించండి.

అంతా అయ్యాక పరీక్ష తప్పకుండా చేయండి, మిర్చి యార్డుకి వేసవి సెలవులు ఇచ్చినప్పుడు బాగా వీలవుతుంది. ఇంటర్‌ఫేస్‌ని కమాండుతో డౌన్ చేసి చూడటం పరీక్ష కాదు, అసలు తెగుడుకీ దానికీ తేడా ఉంటుంది. ఫైబర్ పీకండి. మీడియా కన్వర్టర్ ప్లగ్ తీయండి. సర్వర్ వెనక పవర్ కేబుళ్లు రెండూ ఒకేసారి లాగండి. కర్నెల్‌ని సిస్‌ఆర్‌క్యూ అనే అత్యవసర కమాండుతో క్రాష్ చేయండి. ప్రతిసారీ వాచీ చూసి టైమ్ రాసుకుని, తర్వాత విజయవాడ మెషీన్‌లో లాగ్ తెరిచి, మీరు కాగితం మీద రాసుకున్న కథ మొత్తం అందులో దొరుకుతోందా లేదా చూడండి. దొరకలేదంటే ఆ రోజు అక్కడే ఆగి లాగ్ సరిచేయండి, తర్వాతి పరీక్షకి వెళ్లొద్దు.

ఇంతకీ మీ సర్వర్ల మోడల్ ఏదో రాయలేదు. బీఎంసీ ఉందా, వాచ్‌డాగ్ పరికరం కర్నెల్‌కి కనిపిస్తోందా చూసి చెప్పండి, దాన్నిబట్టి ఎస్‌బీడీ గడువులు ఎంత పెట్టాలో లెక్కేసి రాస్తాను. ఆఫీసు సర్వర్‌లో ఆ ఇరవై నిమిషాల లాగ్ కూడా ఇవాళే విడిగా తీసి పెట్టుకోండి, జర్నల్ తనకిచ్చిన చోటు నిండేకొద్దీ పాతవి తుడిచేసుకుంటూ పోతుంది.